ఊకదిబ్బ దింపుడు కళ్లం

ఆ కమానును చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మిర్యాలగూడలో రైలు పట్టాలు దాటి కాలువ దిక్కు పోతుంటే, పాత మిల్లుల ప్రహరీ గోడలు అయిపోయిన చోట, అడ్డంగా నిలబడి ఉంటుంది. రెండు లావుపాటి స్తంభాలు, వాటి మీద సిమెంటుతో పోసిన వరి కంకులు, కంకులకు పసుపు రంగు, నడుమ ఇంగ్లీషులో బంగారు అక్షరాలు: గోల్డెన్ ప్యాడీ ఎన్‌క్లేవ్. ఆ పేరు పెట్టిన మహానుభావుడు జన్మలో ఒక్కసారి కూడా బాయిలర్ దగ్గర నుంచి అప్పుడే తెచ్చి పోసిన వడ్ల మీద కాలు పెట్టి ఉండడు. పెట్టి ఉంటే బంగారం అనే మాట నోట రాదు, ‘వామ్మో’ అనే మాట వస్తుంది. ఆ కమాను ఉన్న జాగా మీదనే మా అమ్మ, మా చిన్నమ్మ అరికాళ్ళు అరగదీసుకున్నారు. అక్కడ ఇంతకు ముందు ఏముండేదో లోపల కాపురాలున్న వాళ్ళకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. మొన్న మా చిన్నమ్మ సైదమ్మ పోయినప్పుడు, ఆమె శవాన్ని ఆ గేటు దగ్గర ఒక్క నిమిషం కిందికి దించాలా వద్దా అని జరిగిన రభస చూశాక, తెలిసినదాన్ని నేనైనా రాయకపోతే పాపం అనిపించింది. కోపం మీద రాస్తున్నాను. కోపం తగ్గాక రాస్తే మర్యాదగా రాస్తాను, మర్యాదగా రాస్తే అబద్ధాలు రాస్తాను.

మా పేట పేరు ఊకదిబ్బ. ఆ పేరు చెప్పడానికి ఇప్పుడు మా వాళ్ళకే సిగ్గు. మాది అసలు తిరుమలగిరి దిక్కు మెట్ట ఊరు. వాన పడితే జొన్నలు, పడకపోతే రాళ్ళు. సాగర్ కాలువ నీళ్ళు ఇటు పారి, ఎటు చూసినా వరే పండుతున్నదని, ఆ వడ్లు పట్టడానికి మిల్లు మీద మిల్లు లేస్తున్నదని, కాళ్ళూ చేతులూ ఉన్న మనిషికి పని ఉంటుందని మా ఊరి దాకా మాట వచ్చింది. మా తాత అప్పటికే ఎండిన బాయిని ఇంకా లోతుకు తవ్వి తవ్వి విసిగిపోయి ఉన్నాడు. మా అమ్మనీ, పెళ్ళి కాని చిన్నమ్మనీ, ఇల్లరికం లాగా తనతోనే ఉన్న మా నాన్ననీ, చంకలో ఉన్న నన్నూ వెంటబెట్టుకొని వచ్చాడు. నాన్న వడ్లు ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం పట్టే ఒక బాయిల్డ్ మిల్లులో హమాలీగా చేరాడు. అమ్మా చిన్నమ్మా అదే మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు మీద చేరారు. ఉండడానికి ఇల్లు అడిగితే మిల్లు సావుకారి మిల్లు వెనక జాగా చూపించాడు. ధర్మం చేశాడని కాదు. ఉడికిన వడ్లు మనుషుల కోసం ఆగవు, పులిసిపోతాయి. పిలిస్తే పలికేంత దూరంలో కూలీలు ఉంటే ఆయనకే సుఖం. ఆ సంగతి మాకూ తెలుసు, మాకు తెలుసునని ఆయనకూ తెలుసు.

ఆ జాగా ఎట్లాంటిదంటే, మిల్లు తినగా మిగిలినదాన్ని ఊసేసే చోటు. ముందు అది పెద్ద గుంట. అందులో ఊక పోశారు, ఊక మీద బాయిలర్‌లో కాలిన నల్ల బూడిద పోశారు, ఏళ్ళ తరబడి పోసీ పోసీ గుంట కాస్తా దిబ్బ అయింది. దాని మీద మా గుడిసె. అడుగు వేస్తే పాదం లోపలికి దిగేది. వానాకాలంలో బూడిద ముద్దయి మోకాళ్ళ దాకా నల్ల మేజోళ్ళు తొడిగేది. ఎండాకాలంలో గాలి లేస్తే అన్నం కుండ మీద, ఉతికి ఆరేసిన చీర మీద, పడుకున్న వాళ్ళ కనురెప్పల మీద నుసి. మా అమ్మ తెల్ల రవిక వేసుకోవడమే మానేసింది. ఆ దిబ్బ మీద ఒకొక్కరే నాలుగు బండ్ల మొరం తెచ్చి పోసుకొని, కాళ్ళతో తొక్కి, నీళ్ళు చల్లి, మళ్ళీ తొక్కి, గట్టి నేల చేసుకున్నారు. ఇప్పుడు దాని పక్కన గజం ధర చెప్పుకొని మురిసిపోతున్నారు గానీ, ఈ దిక్కు నేలను నేలగా చేసిందెవరో ఏ బ్రోచర్‌లోనూ అచ్చు వేయరు.

మాకు గడియారం అంటే మిల్లు కూత. పొద్దున కూత వేయక ముందే చిన్నమ్మ లేచి ఊక పొయ్యి సిద్ధం చేసేది. పాత డబ్బా ఒకటి తీసుకొని, కింద పక్కన బెజ్జం పెట్టి, నడుమ ఒక గాజు సీసా నిలబెట్టి, చుట్టూ ఊక కూరి కూరి గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగేది. ఊక రాలకుండా సీసా బయటికి రావాలి. అది చిన్నమ్మ చేతికే వచ్చేది, మా అమ్మ చేస్తే సగంలో కూలేది, అక్కాచెల్లెళ్ళిద్దరికీ పొద్దున్నే దాని మీద ఒక రుసరుస. ఆ పొయ్యి ఒకసారి అంటుకుంటే అన్నం, పప్పుచారు, నాన్న స్నానానికి నీళ్ళు, అన్నీ అయిపోయేదాకా ఆరేది కాదు. ఇంట్లో ఎప్పుడూ ఒక పుల్లని వాసన ఉండేది. తొట్లలో నానిన వడ్ల వాసన అది, మనుషుల ఒంటికి పట్టి ఇంటికి వచ్చేది. బడిలో నా పక్కన కూర్చునే కిరాణం వాళ్ళ పిల్ల ముక్కు చిట్లించేది. చిన్నమ్మతో చెప్పి ఏడిస్తే ఆమె నన్ను దగ్గరికి లాక్కొని వాసన చూసి, ‘అది వాసన కాదే, అన్నం ఇంకా అన్నం కాకముందు గట్లనే ఉంటది’ అన్నది. తెల్లారి లేస్తే బియ్యపు మిల్లులోనే పని, అయినా చిన్నమ్మకు వరి అన్నం మీద నమ్మకం లేదు. ఆకలికి నిలబడదని ఆమె వాదన. తిరుమలగిరి నుంచి ఎవరు వచ్చినా జొన్నలు తెప్పించుకొని, మూలన కుండలో పోసి, మూత మీద రాయి పెట్టి, పండగకు పాయసం వండినట్టు ఎప్పుడో ఒకనాడు రొట్టె చేసేది.

గచ్చు గురించి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదనే. ఈ చివర నిలబడితే ఆ చివరి మనిషి చిన్నగా కనిపించేంత పెద్ద సిమెంటు మైదానం అది. ఆవిరి కక్కుతున్న వడ్లను దాని మీద పలచగా పరిచేవాళ్ళు. ఆడవాళ్ళు ఒకరి పక్కన ఒకరు వరసగా నిలబడి, చీరలు మోకాళ్ళ పైకి దోపుకొని, పాదాలు పైకి ఎత్తకుండా నేలకు ఈడుస్తూ నడిచేవాళ్ళు. వాళ్ళ వెనక వడ్లలో చాళ్ళు పడేవి. ఆ చివరి దాకా పోయి, తిరిగి అడ్డంగా వచ్చేవాళ్ళు. కింది వడ్లు పైకి, పై వడ్లు కిందికి. పైన ఎండ, కింద గచ్చు కాక, నడుమ వడ్ల ములుకులు. రాత్రి కాగానే చిన్నమ్మ కాళ్ళు చాపుకొని పగుళ్ళలో ఆముదం, మైనం కాచి పోసుకుంటుంటే, ఆ పగుళ్ళలో ఇరుక్కున్న వడ్ల పొట్టు నేను సూదితో తీసేదాన్ని. మబ్బు పడితే మిల్లు ఆగకుండా పొట్టి పొట్టి కూతలు వేసేది. అప్పుడు ఊకదిబ్బ మొత్తం, నోట్లో ముద్ద ఉన్నవాళ్ళు ముద్దతోనే, పసిపిల్లకు పాలిస్తున్నవాళ్ళు పిల్లతోనే, గచ్చు మీదికి ఉరికి వడ్లను కుప్పలు చేసి పట్టాలు కప్పేవాళ్ళం. ఆ వడ్లు మావి కావు. అయినా తడిస్తే మావే తడిసినట్టు ఏడ్చేవాళ్ళం. ఎంత పిచ్చివాళ్ళమో ఇప్పుడు తలుచుకుంటే కోపం వస్తుంది.

ఇంత చేసినా ఆ చోటు మాది అని మాకు అనిపించేది కాదు. ఎవరైనా మీది ఏ ఊరంటే తిరుమలగిరి అనే చెప్పేవాళ్ళం. మిల్లు వెనక ఉంటాం అనేవాళ్ళం గానీ మా ఊరు ఇది అని ఎవరూ అనలేదు. అన్నది ఎప్పుడంటే, తాత పోయినప్పుడు. ఊకదిబ్బలో అదే మొదటి చావు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పక్క ఊరి పెద్దల దగ్గరికి నాన్న పోయి అడిగితే, మీరెవరో మేమెరగం, మా వల్లకాట్లో మీకు జాగా లేదు, మీ ఊరికి తీసుకపొండి అన్నారు. శవాన్ని పెట్టుకొని అంత దూరం పోవడానికి ఏ లారీవాడూ ఒప్పుకోలేదు. అప్పుడు నాన్న పోయి సావుకారి ముందు నిలబడ్డాడు. ఆయన చాలాసేపు గద్దె మీద కూర్చొని గడ్డం గోక్కొని, కాలువ కట్ట కింద తన బీడు ఉందని, అక్కడ కానిచ్చుకోమని, పని మాత్రం ఆగొద్దని అన్నాడు. అట్లా పాడె లేచింది. కాలువ కట్టకు దోవ గచ్చు అంచు మీదుగానే. సగం దూరం రాగానే గచ్చు మూల దగ్గర మా అమ్మ ఆపమన్నది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు వల్లకాటికి పోరు. దింపుడు కళ్లం దాకానే వాళ్ళకు దోవ. అక్కడ పాడెను నేల మీద దించి, చనిపోయిన మనిషి చెవి దగ్గర అయినవాళ్ళు ముమ్మారు పిలవాలి. ప్రాణం ఎక్కడో ఒక మూల ఉండి పలుకుతుందేమోనని ఆశ. పలకదని అందరికీ తెలుసు. పలకకపోతే పాడెను దిక్కు మార్చి మళ్ళీ ఎత్తుతారు, ఆడవాళ్ళు వెనక్కి తిరుగుతారు. ఆ నిమిషం ఆడవాళ్ళది. మనిషిని సాగనంపడానికి వాళ్ళకు ఉన్నది అంతే.

గచ్చు మూల మీద తాతను దించారు. గచ్చు మీద నడుస్తున్న ఆడవాళ్ళంతా ఎవరి చాలులో వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు, పాదాలు వడ్లలో ఉండగానే. చిన్నమ్మ వంగి తాత చెవిలో ‘నాయినా’ అని పిలిచింది. పిలిచిన ప్రతిసారీ మొహం దగ్గరగా పెట్టి చూసింది. మిల్లు ఆడుతూనే ఉన్నది గానీ, కాళ్ళ చప్పుడు ఆగిందని సావుకారికి ఎట్లా తెలిసిందో ఏమో, ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చాడు. పని ఆపొద్దన్న మనిషే, చెప్పులు విడిచి గచ్చు అంచున నిలబడ్డాడు. పాడె లేచేదాకా అక్కడే ఉన్నాడు. ఆయనను నేను దేవుణ్ణి చేయడం లేదు, తరువాత మమ్మల్ని ఏడిపించిన సందర్భాలు బోలెడు ఉన్నాయి. కానీ ఆనాడు చెప్పులు విడిచాడు. తిరిగి ఇంటికి వస్తుంటే చిన్నమ్మ దారిలో ఆగి మా అమ్మతో అన్నది. “ఇగ ఇదే మనూరు అక్కా. నాయినను దించిన జాగ ఇడిసిపెట్టి యాడికి పోతం?” ఆ తరువాత ఊకదిబ్బలో ఎవరు పోయినా గచ్చు మూల మీదనే దించేవాళ్ళు. శవం వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళ కాళ్ళు ఆగేవి, ఏ సావుకారీ ఏ గుమాస్తా ఆ ఆగిన పనిని గురించి అడగలేదు. మా అమ్మను కూడా అక్కడే దించాము. నేనే పిలిచాను.

ఊరు అయ్యాక ఊరికి కావలసినవి ఒక్కొక్కటే వచ్చాయి. గుడిసెలు పోయి రేకుల గదులు, రేకులు పోయి స్లాబులు. కరెంటు స్తంభం పడిన రోజు చిన్నమ్మ దానికి బొట్టు పెట్టింది. మిల్లు పాత గోదాములో బడి పెట్టారు, గోనె సంచుల మీద కూర్చొని చదువుకున్నాం. కోదాడ నుంచి వచ్చిన ఒకాయన చాయ హోటలు పెట్టాడు, ఆయన పలహారాల కన్నా ఆయన ‘అండీ’ల కోసం పిల్లలం పోయేవాళ్ళం, మమ్మల్ని అండీ అన్న మొదటి మనిషి ఆయనే. చిన్నమ్మకు అక్కడి హమాలీ ఒకతనితోనే పెళ్ళయింది, వెంకన్న పుట్టాడు. గచ్చు పక్కన చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, చాలు చివరికి వచ్చినప్పుడల్లా ఒక తోపు తోసి పోయేది. వాడి తండ్రి బస్తాల కింద నడుము విరిగి తొందరగానే పోయాడు. వాణ్ణి చదివించింది ఆ కాళ్ళే. నాకు సూర్యాపేటలో టీచర్ పని వచ్చి నేను వెళ్ళిపోయాను, వెంకన్న విత్తనాలూ ఎరువులూ అమ్మే దుకాణం పెట్టి పైకి వచ్చాడు. సంతోషించాం. ఎందుకు సంతోషించం?

మిల్లుల్లోకి ఆరబెట్టే యంత్రాలు వచ్చాయి. వడ్లు ఇనుప గొట్టాలలో పడి ఆరి బయటికి వస్తున్నాయి, ఇక కాళ్ళతో పని లేదు. గచ్చు పగుళ్ళిచ్చి గడ్డి మొలిచింది. సావుకారి కొడుకులు పంచుకొని, కొత్త మిల్లు బైపాస్ మీద పెట్టుకొని, పాతది అమ్మేశారు. కొన్నవాళ్ళు మిల్లు కూల్చారు, గచ్చు తవ్వి పోశారు, ప్లాట్లు కొట్టి సున్నం గీతలు గీశారు, మేము దించే గచ్చు మూల మీద ఆ కమాను లేపారు. ఊకదిబ్బ వైపు ఎత్తుగా గోడ లేపారు, మేము కనిపిస్తే ప్లాటు ధర పడిపోతుందట. కాలువ కట్టకు పోయే మా పాత దోవ లోపలికి పోయి నలభై అడుగుల రోడ్డు అయింది. వల్లకాటికి ఇంకో దోవ లేదు కాబట్టి శవాలను పోనిస్తామన్నారు, అదొక దయ. డప్పు కొట్టొద్దు, పేలాలు చల్లొద్దు, ఆగొద్దు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. ఊకదిబ్బలో పోయినవాళ్ళను అప్పటి నుంచి గోడ పక్కన మురికి కాలువ మీద దించి పిలుచుకుంటున్నారని, ఈమధ్య అదీ మానేశారని నాకు భూదమ్మ చెప్పింది. భూదమ్మ చిన్నమ్మతో ఒకే వరసలో వడ్లు తొక్కిన మనిషి.

ఆ ఎన్‌క్లేవ్‌లోనే వెంకన్న డూప్లెక్స్ కట్టాడు. చిన్నమ్మను తీసుకపోయి కింది గదిలో పెట్టుకున్నాడు, బాగానే చూసుకున్నాడు, అబద్ధం చెప్పకూడదు. నేను పోయినప్పుడల్లా ఆమె వాకిట్లో టైల్స్ మీద పాదాలు ఈడ్చుకుంటూ తిరుగుతుండేది. కోడలు సునీత కోదాడ పిల్ల, మంచిదే, అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి అనుకొని మందులు తెప్పించేది. ఒకసారి చిన్నమ్మ గేటు వైపు చెయ్యి చూపించి, నాయినను దించింది గాడ, అక్కను దించింది గాడ, నన్ను గూడ గాడనే దించుండ్రి, వెంకడు పిలుస్తడు, అన్నది. ఏదో తాంబూలం పెట్టమని చెప్పినంత మామూలుగా చెప్పింది. వెంకన్న పక్కనే ఉన్నాడు. ‘సరేలే అమ్మా’ అన్నాడు.

ఆమె దవాఖానలో పోయింది. వెంకన్న ఫోన్ చేస్తే సూర్యాపేటలో మొదటి బస్సు పట్టుకొని వచ్చాను. డూప్లెక్స్ దగ్గరికి పోతే తాళం ఉంది. శవాన్ని ఊకదిబ్బకు తెచ్చాడట, వాళ్ళ పాత గదికి. అది ఇప్పుడు కిరాయికి ఇచ్చి ఉంది. కిరాయిదారు పాపం తన మంచం, సామాను బయటికి తీసి జాగా చేశాడు. చిన్నమ్మ ఐసు పెట్టెలో పడుకొని ఉంది, అద్దం మీద చెమ్మ. ఇంట్లో ఎందుకు పెట్టలేదని నేను అడగలేదు. ఆ కాలనీలో శవం ఉంచితే పక్కవాళ్ళు మొహం మాడ్చుకుంటారని సునీతే చెప్పింది. నేను వెంకన్నను పక్కకు పిలిచి దింపుడు కళ్లం సంగతి అడిగాను. వాడు ఫోన్ చూస్తూ, వైకుంఠ రథం మాట్లాడిన అక్కా, సీదా పోతది, అన్నాడు. సీదా పోతది సరే, గేటు కాడ ఆగుతదా అన్నాను. ఆగొద్దని కాలనీ కమిటీల అనుకున్నం, లోపల చిన్న పిల్లలుంటరు, బుగులు పడతరు, అన్నాడు. అనుకున్నం అన్నాడు. అప్పటిదాకా నాకు తెలియదు ఆ కమిటీలో వీడూ కూర్చుంటాడని. అడ్డాల నాడు బిడ్డలు గానీ గడ్డాల నాడు బిడ్డలా అని మా అమ్మ అంటుంటే విసుక్కునేదాన్ని.

నేను గొంతు ఎత్తాను. అందరూ చూస్తారని తెలిసే ఎత్తాను. ఆ గేటు కింద ఉన్నది మీ అమ్మ అరికాలి తోలు రా అన్నాను. తాతను దించనిచ్చినోడు మిల్లు సావుకారి, నువ్వు ఆమె కడుపున పుట్టినోడివి, ఆపాటి మర్యాద నీకు లేదా అన్నాను. సునీత నా చెయ్యి పట్టుకొని, “వదినా, ఏమీ అనుకోకండి. ఆయనకి మాత్రం బాధ లేదంటారా? రేపటి నుంచి వాళ్ళ మధ్యనే కదా మేం బతకాల్సింది” అన్నది. ఆ మాటలో న్యాయం ఉంది, అందుకే ఇంకా మండింది. చచ్చినవాళ్ళను పరాయివాళ్ళను చేసుకొని బతకాల్సిన కాపురం ఏం కాపురం? చివరకు వెంకన్న తల వంచుకొని, సరే అక్కా, లోపల గాదు, గేటు బయట ఒక్క నిమిషం ఆపిస్త, దించుదం, నేను పిలుస్త, అన్నాడు. భూదమ్మ వాడి గడ్డం పట్టుకొని, అంతే కొడుకా, అమ్మ ఇంటది, అన్నది.

బండి మెల్లగా కదిలింది. వెంకన్న ముందు సీట్లో, ఒళ్ళో నిప్పు కుండ. మగవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద. ఆడవాళ్ళం నడిచి వెనకాలే. గోడ పొడుగునా నడుస్తుంటే అందరం గబగబా నడిచాం, బండి ముందే చేరి ఆగి ఉంటుంది, వెంకన్నను మా కోసం ఎదురుచూసేట్టు చేయకూడదని. కమాను కింద ఇస్త్రీ బట్టల మగవాళ్ళు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఎవరూ అడ్డుపడలేదు. అడ్డుపడి ఉంటే బాగుండేది, కలబడేవాళ్ళం. వెంకన్న వాళ్ళను చూశాడు. వాళ్ళు వెంకన్నను చూశారు. వాడి చెయ్యి కిటికీలోంచి కొంచెం బయటికి వచ్చి, ముందుకు పోనిమ్మని డ్రైవరుకు సైగ చేసింది. బండి ఆగకుండా కమాను కింది నుంచి లోపలికి పోయింది. మోటారు సైకిళ్ళు పోయాయి. గేటు చక్రాల మీద జరుగుతూ వచ్చి మా మొహాల ముందు మూసుకుంది.

మేము అక్కడే నిలబడ్డాం. ఏం చేయాలో తెలియలేదు. వెనక్కి తిరిగి పోవాలంటే ముందు దించాలి, పిలవాలి. అది కాకుండా వెనక్కి ఎట్లా తిరుగుతారు? అటు బండి వంపు తిరిగి కాలువ వైపు పోతున్నది. భూదమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, పిలువు బిడ్డా, అన్నది. నేను గేటు ఊచలు పట్టుకొని పిలిచాను. చెవి దగ్గర పిలవాల్సిన పిలుపు, గుసగుసగా పిలవాల్సిన పిలుపు, పొలిమేరలో మేకల్ని పిలిచినట్టు అరవాల్సి వచ్చింది. చిన్నమ్మా. చిన్నమ్మా. మూడోసారి వెనక ఉన్న ఆడవాళ్ళందరూ కలిసి సైదమ్మా అన్నారు. మేడల మీద తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. వాచ్‌మన్ దగ్గరికి వచ్చి ఎవరు కావాలమ్మా అని అడిగాడు. వాడి తప్పేముంది, అడగమని చెప్పి ఉంటారు.

భూదమ్మ ఆ గేటు ముందు నేల మీద చతికిలబడ్డది. ఆమె కూర్చుంటే అందరం కూర్చున్నాం. ఇంటికి పోయి స్నానం చేయాల్సినవాళ్ళం, పోలేదు. ఒక కారు వచ్చి హారన్ కొట్టింది. నడిపే ఆయన అద్దం దించి, మర్యాదగానే, జర పక్కకు జరగండి అమ్మా అన్నాడు. భూదమ్మ ఆయన వైపు తల కూడా తిప్పలేదు. “జరిగి జరిగే కద బిడ్డా గీడిదాంక వచ్చినం. ఇంకేడికి జరగమంటవ్?” అన్నది. ఆయన కారు వెనక్కి తీసుకున్నాడు. నాకు ఆ కాలనీ వాళ్ళ మీద ఉన్న కోపం కన్నా, మా మీద అప్పటిదాకా రాని కోపం ఎక్కువైంది. గుంట పూడ్చి నేల చేసింది మేము, దానికి ఊరు అని పేరు తెచ్చింది మా చావులు. గోడ లేస్తుంటే, మంచి సిమెంటు వాడుతున్నారని మెచ్చుకుంటూ చూశాం. తాత పోయిననాడు పని ఆపొద్దన్నవాడు చెప్పులు విడిచాడు. ఇప్పుడు పని పాటా లేని ఆదివారం పూట, ఒక్క నిమిషం ఆగడానికి ఎవరికీ తీరిక లేదు. అప్పుడు మాకు ఇల్లు లేదు, చచ్చిపోతే దించుకునే జాగా ఉండేది. ఇప్పుడు మా వాడికి రెండంతస్తుల ఇల్లు ఉంది.

ఎండ తిరిగాక మగవాళ్ళు వచ్చారు. కాలువలో మునిగి వచ్చిన తడి బట్టలతో వెంకన్న రోడ్డు మధ్య నుంచి నడిచి వస్తున్నాడు. గేటు జరిగింది. మమ్మల్ని అక్కడ చూసి ఆగిపోయాడు. అందరూ చూస్తున్నారక్కా, లే అంటాడనుకున్నాను. అంటే ఏమనాలో కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను, జన్మంతా మర్చిపోలేని మాటలు. వాడు నా ముందు గొంతుక్కూర్చున్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇటూ అటూ చూసి, వేరే ఎవరికీ వినపడకుండా అడిగాడు.

“పిలిచినవా అక్కా?”

“పిలిచిన.”

“పలికిందా?”

అంత పెద్దమనిషి, కమిటీలో కూర్చునే మనిషి, నా మొహంలోకి చూస్తూ నిజంగానే అడిగాడు. జాలి పడాల్సింది. నాకు జాలి రాలేదు.

“నేను పిలిస్తే ఎందుకు పలుకుతది రా? నువ్వు పిలుస్తవని ఎదురుసూసింది. నువ్వు ముంగట సీట్ల కూసున్నవ్.”